ఎర్ర పెన్సిలు సాక్ష్యం

నార్డ్‌లాండ్, అయోవా
12 అక్టోబరు 1998

చిరంజీవి వెర్లిన్‌కు,

అన్నగా దీవించి రాసేది. నీ కార్డు మంగళవారం అందింది. అందులో తొమ్మిది వాక్యాలు, పదకొండు దోషాలు ఉన్నాయి. వాక్యానికొక దోషం నీకు చిన్ననాటి నుంచీ ఉన్న అలవాటే. ఈసారి కొసరు కూడా వేశావు.

విషయానికి వస్తాను. కొరియా యుద్ధంలో చలికి దెబ్బతిన్న నీ పాదాలు ఇప్పుడు పుండ్లు పడుతున్నాయనీ, చేపల ఎరల దుకాణం మీద ఉన్న నీ గదికి ఇరవై రెండు మెట్లు ఎక్కలేకపోతున్నావనీ, ప్రభుత్వానికి భృతి కోసం అర్జీ పెట్టుకొమ్మని ఎవరో చెప్పారనీ రాశావు. నలభై ఎనిమిదేళ్ళ తర్వాతనైనా ఈ ఆలోచన కలగడం హర్షణీయం. అయితే కోర్టు భవనం నేలమాళిగలో మాజీ సైనికులకు "ఉచితంగా" సాయం చేస్తారని విని అక్కడికి వెళ్ళబోతున్నట్టు రాసిన ఆఖరి వాక్యం మాత్రం నాకు నచ్చలేదు. లోకంలో ఉచితంగా దొరికేవి రెండే: జలుబు, సలహా. మొదటిది వారంలో పోతుంది. మన నాన్న, చర్చివాళ్ళు ఇవ్వబోయిన బంగాళాదుంపల బస్తాను సైతం గుమ్మం దాటనివ్వలేదని నీకు గుర్తుండే ఉంటుంది.

ముప్ఫై ఎనిమిదేళ్ళు బడిలో భాష నేర్పిన అన్న ఉండగా నీకు పరాయివాళ్ళ అవసరమేమిటి? అర్జీ నేనే రాసి, దీనితో జతచేశాను. తొమ్మిది పుటలు. పూర్వం ఒక గ్రీకు సైన్యం మంచుకొండలు దాటిన ఉదంతంతో ప్రారంభించాను. ఎంతటి కఠినాత్ముడైన అధికారికైనా మొదటి పుటలోనే మనసు మెత్తబడుతుంది. నువ్వు చేయవలసిందల్లా ఆఖరి పుటలో సంతకం. నీ పేరులో అక్షరం జారకుండా చూసుకో.

మీ వదిన సోల్వెగ్ నిన్ను అడిగానని రాయమంది. ఈ ఆదివారం చర్చి కరపత్రంలో నాకు నాలుగు తప్పులే దొరికాయి. పాస్టరు బాగుపడుతున్నాడు.

నీ శ్రేయస్సునూ, నీ వాక్యాల శ్రేయస్సునూ కోరే
హాల్వర్

*

పైక్ నారోస్, మిన్నెసోటా
25 అక్టోబరు 1998

అన్నయ్యకి నమస్కారం.

ఇక్కడ నేను క్షేమం, పాదాలు తప్ప. అక్కడ అందరూ క్షేమమే అనుకుంటా, పాస్టరు గారు తప్ప.

నీ తొమ్మిది పేజీలూ చంకలో పెట్టుకుని కోర్టు నేలమాళిగకి వెళ్ళాను. నువ్వు వద్దన్నావు కదా అని వెళ్ళొచ్చాక గుర్తొచ్చింది. అక్కడ రోవెనా బెలాంజర్ అని ఒకావిడ ఉంది. వియత్నాం యుద్ధంలో నేవీ నర్సు. మా జిల్లాలో పాత సిపాయిల కాగితాలన్నీ ఆవిడే చూస్తుంది. నీ మొదటి పేజీ చదువుతూ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది. మనసు మెత్తబడిందే అనుకున్నా. చూస్తే నవ్వు ఆపుకోలేక నీళ్ళొచ్చాయట.

"ఏమయ్యా వెర్లిన్, ఈ గ్రీకువాళ్ళు మీ రెజిమెంటేనా?"

"కాదమ్మా. మా అన్నయ్య రెజిమెంటు."

"అయితే వాళ్ళ అర్జీ వాళ్ళనే పెట్టుకోమను. నీ కాళ్ళ సంగతి ఎక్కడుంది?"

ఇద్దరం కలిసి వెతికాం. ఏడో పేజీలో దొరికింది. అక్కడ కూడా కాళ్ళని లేదు, "చరణయుగళము" అనుంది. ఆవిడ దాన్ని మూడుసార్లు పైకి చదివి, పక్క గదిలో డ్రైవింగ్ లైసెన్సులిచ్చే ఆయన్ని కూడా పిలిచి వినిపించింది.

ఫీజెంతమ్మా అంటే కసురుకుంది. "నువ్వొచ్చినా రాకపోయినా నా జీతం జిల్లావాళ్ళిస్తారు. రాకపోతే ఊరికే కూర్చుని తింటున్నట్టు నాకే తలకొట్టేసినట్టుంటుంది. దానం కాదిది, నా ఉద్యోగం. ఈ పనికి ముందే డబ్బడిగేవాడు ఎదురైతే వాడి పేరు నాకు చెప్పు" అంది. ఒక్క కాగితం మీద సంతకం పెట్టించుకుని, ఆ రోజు తేదీతోనే నా అర్జీకి వరసలో చోటు పట్టేసింది.

ఇప్పుడు అసలు చిక్కు విను. కొరియాకి వెళ్ళినవాళ్ళ కాగితాలు దాచిన భవనం డెబ్బైమూడులో తగలబడిపోయింది. నావి కూడా అందులోనే పోయాయి. డాక్టరు నా కాళ్ళు చూసి ఇది చలిదెబ్బే అంటాడు గానీ, ఎక్కడి చలి అంటే చెప్పలేడు. "మిన్నెసోటాలో పుట్టి, నలభై ఏళ్ళు గడ్డకట్టిన చెరువు మీద కూర్చుని చేపలు పట్టినవాడివి. కాళ్ళు కొరియాలోనే పోయాయంటే ఎవరు నమ్ముతారు?" అంటుంది రోవెనా. అప్పుడు చూసినవాడి మాట కావాలి, లేకపోతే అప్పటి కాగితం కావాలి.

ఇంకోటి. మెట్ల పక్కన చేపట్టు ఊడిపోయింది, బాగుచేయించవయ్యా అని కింద ఎరల దుకాణం నడిపే ఇంటాయన ఎల్రాయ్ క్విస్ట్‌ని అడిగాను. నవంబరు ముప్ఫైకల్లా గది ఖాళీ చెయ్యమని చీటీ ఇచ్చాడు. చెరువు పక్కన పాత సిపాయిలకని ఆరు వాటాలున్నాయి, అన్నీ నేల మీదే. వచ్చే ఎండాకాలానికి ఒకటి ఖాళీ అవుతుందట. కానీ దెబ్బ సైన్యంలో తగిలిందని ప్రభుత్వం ఒప్పుకున్నవాళ్ళకే ఇస్తారు. అంటే కాళ్ళకీ కప్పుకీ కలిపి ఒకటే సాక్ష్యం, అన్నయ్యా. అది దొరక్కపోతే రెండూ లేవు.

నీ తమ్ముడు
వెర్లిన్

*

నార్డ్‌లాండ్
3 నవంబరు 1998

చిరంజీవి వెర్లిన్‌కు,

నీ ఉత్తరం చదివి, కొంతసేపు తోటలో నడిచి వచ్చి, ఇది రాస్తున్నాను. "చరణయుగళము" అనే మాటలో నవ్వదగినది ఏమున్నదో మీ జిల్లా ఉద్యోగులు లిఖితపూర్వకంగా తెలియజేస్తే సంతోషిస్తాను.

ఆ రోవెనా విషయంలో జాగ్రత్తగా ఉండు. నువ్వు భార్యను పోగొట్టుకున్నవాడివి, ఒంటరివాడివి, ఎదుటివాళ్ళు ఏమి చెప్పినా తలాడించేవాడివి. ఫీజు పుచ్చుకోని స్త్రీ మరేదో ఆశిస్తుందని నా అనుమానం. సొమ్ము పుచ్చుకొనేవాడికి బాధ్యత ఉంటుంది. ఇక్కడి పత్రికలో "హామీతో భృతులు ఇప్పించబడును" అని ఒక ప్రకటన చూశాను. ప్రకటనలో ఒక్క దోషమూ లేదు.

ఇక సాక్ష్యం సంగతి. నీతో కొరియాలో ఉన్నవాళ్ళు ఇద్దరు ఇప్పటికీ నీకు క్రిస్మస్ కార్డులు పంపుతుంటారు కదా: పెన్సిల్వేనియాలో బొగ్గు గనిలో పనిచేసిన డొమినిక్ పావ్‌లిక్ ఒకడు, లూసియానాలో రొయ్యల పడవ నడిపే యూలిస్ ట్రాహన్ మరొకడు. వాళ్ళను రాయమను. రాసినవాటిని ఆ నేలమాళిగకు ఇవ్వకముందు నాకు పంపు. ఒక్కసారి కంటితో చూస్తాను, అంతే.

ఉన్ని మేజోళ్ళు రెండు జతలు మీ వదిన పంపుతోంది.

హాల్వర్

*

పైక్ నారోస్
18 నవంబరు 1998

అన్నయ్యకి,

మేజోళ్ళు అందాయి. వదినకి నా దండాలు. ఆ ప్రకటన మాట రోవెనాతో అంటే, పత్రిక పేరు అడిగి రాసుకుంది. ఆవిడ పళ్ళు కొరికిన చప్పుడు నాకు వినబడింది.

ముందు మంచి కబురు. గురువారం గురువారం మాజీ సైనికుల హాలులో ఒక లాయరు ఉచితంగా కూర్చుంటాడు. ఊరికే కూర్చుంటాడని కాదు, ఊరికే పనిచేస్తాడని. కాఫీ కూడా ఇంటి నుంచే తెచ్చుకుంటాడు. రోవెనా నన్ను ఆయన ముందు కూలేసింది. ఎల్రాయ్ చీటీ చూసి, "బాగుచెయ్యమని అడిగినందుకు కక్షతో ఖాళీ చేయించడానికి చట్టం ఒప్పుకోదు" అన్నాడు. ఎల్రాయ్‌కి ఒక ఉత్తరం రాశాడు. ఎన్ని పేజీలనుకుంటున్నావు? మూడు లైన్లు! మర్నాడు పొద్దున్నే ఎల్రాయ్ చెక్కా మేకులూ పట్టుకుని ప్రత్యక్షం. "నువ్విలా లాయర్లూ గీయర్లూ అంటావని ముందే తెలిస్తే చేపట్టు ఎప్పుడో బిగించేవాణ్ణి కదరా" అని సణుగుతూ సుత్తితో కొట్టాడు. ఆగస్టు దాకా నన్ను కదిపేవాడు లేడు. ఆగస్టు ముప్ఫైఒకటికి మా ఒప్పందం గడువు అయిపోతుంది. ఆ తర్వాత మాత్రం వెళ్ళక తప్పదు.

డొమినిక్, యూలిస్ ఇద్దరూ రాశారు. నువ్వు చూస్తానన్నావు కాబట్టి పంపుతున్నా. చూసి వెనక్కి పంపు. డొమినిక్‌ది బింగో చీటీ వెనక పెన్సిలుతో ఉంది, చిరిగిపోగలదు. "వెర్లిన్ గాడి కాళ్ళు చచ్చిన చేపల్లా ఉన్నాయి. చొక్కా ఎత్తి నా పొట్టకి ఆనించుకున్నా. రాత్రంతా వాడు జోకులు చెప్తూనే ఉన్నాడు, ఒక్కటీ నవ్వొచ్చేది కాదు" అని రాశాడు. యూలిస్ ఎండలొచ్చాక మాతో చేరాడు కనక చలి చూళ్ళేదు, నేను కుంటడం చూశాడంతే.

సోమవారం రోవెనా మా ఇంటికొచ్చింది. ఆ మెట్లన్నీ ఎక్కి వచ్చి, మంచం మీద కూర్చోబెట్టి, నా బూట్లూ మేజోళ్ళూ ఆవిడే విప్పింది. చాలాసేపు ఉంది.

వెర్లిన్

*

నార్డ్‌లాండ్
5 డిసెంబరు 1998

చిరంజీవి వెర్లిన్‌కు,

నీ ఉత్తరంలోని ఆఖరి పేరా మీ వదినకు చదివి వినిపించలేదు. అరవై ఎనిమిదేళ్ళ వయసులో నువ్వు ఎవరితో ఎలా ఉండదలచుకున్నా అడ్డుపడే అధికారం నాకు లేదు. అయితే ఉద్దేశం గౌరవప్రదమైనదే అయినచో పాస్టరు సమక్షంలో, వసంతకాలంలో జరిపించుకోవడం మంచిది. మంచు కరిగితే మేమూ రాగలుగుతాము.

నీ మిత్రుల కాగితాలు చూశాను. అభిప్రాయం చెప్పకపోవడమే మర్యాద. బింగో చీటీ వెనుక రాసిన దాన్ని ప్రభుత్వానికి సమర్పించడం నీకు ఎలా తోచింది? ఇద్దరి భావాలనూ చెడకుండా చక్కని భాషలోకి తెచ్చి, టైపు చేసి, నేరుగా వారికే సంతకాలకు పంపాను. ఇద్దరూ వెంటనే సంతకాలు చేసి పంపారు. మంచివాళ్ళు. పావ్‌లిక్ అంచున "అయ్యవారూ, నేను ఇంత బాగా మాట్లాడగలనని నా భార్యకు చూపించాను, నమ్మలేదు" అని కూడా రాశాడు. నీ సౌకర్యం కోసం రెండూ నిన్ననే రోవెనాగారి కార్యాలయానికి రిజిస్టరు టపాలో పంపించాను.

కృతజ్ఞతలు అవసరం లేదు.

హాల్వర్

*

పైక్ నారోస్
14 డిసెంబరు 1998

అన్నయ్యా,

రోవెనా పిలిపించింది. నువ్వు పంపిన రెండు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టింది.

"పెన్సిల్వేనియా బొగ్గు గని మనిషీ, లూసియానా రొయ్యల మనిషీ. ఇద్దరూ 'మిత్రుని చరణయుగళము హిమశిలాసదృశమై యుండెను' అంటున్నారు. మీ ప్లటూను మొత్తానికి ఒకడే పంతులా?"

"అవునమ్మా" అన్నాను. ఇంకేమనను?

"ఇవి పంపితే నువ్వే కూర్చుని అల్లి రాసుకున్నావనుకుంటారు. అప్పుడు నిజమైన కాగితం వచ్చినా నమ్మరు. పైగా ఎండల్లో వచ్చినవాడు హిమశిల ఎలా చూశాడు? ఆ బింగో చీటీ తెప్పించు, వెర్లిన్. నువ్వు నోటితో చెప్పినప్పుడే నాకు ఒళ్ళు జలదరించింది. దానికి మించిన సాక్ష్యం ఉండదు."

చీటీ పంపు అన్నయ్యా. డొమినిక్‌ని మళ్ళీ రాయమందామంటే కుదరదు. డిసెంబరు రెండున గుండె ఆగి పోయాడు. వాళ్ళమ్మాయి ఫోన్ చేసి చెప్పింది.

వెర్లిన్

*

నార్డ్‌లాండ్
21 డిసెంబరు 1998

వెర్లిన్‌కు,

చీటీ లేదు.

శుద్ధప్రతి తయారైన తర్వాత చిత్తుప్రతిని పొయ్యిలో వేయడం బడిలో నేను ప్రతి విద్యార్థికీ నేర్పిన పద్ధతి. రెండు ప్రతులు ఉంటే గందరగోళమని చెప్పేవాణ్ణి. పావ్‌లిక్ చీటీని కూడా అలాగే, ఆలోచించకుండానే, పొయ్యిలో వేశాను. అతని మరణవార్త చదివినప్పుడు నా చేతివేళ్ళకు ఆ కాగితం స్పర్శ ఇంకా తెలుస్తూనే ఉంది. "చచ్చిన చేపల్లా" అనే చోట పెన్సిలు గట్టిగా ఒత్తి రాశాడు.

నీ అర్జీకి ఉన్న ఒకే ఒక ప్రత్యక్ష సాక్ష్యాన్ని నేను కాల్చివేశాను. ఇది కర్తరి వాక్యం. కర్మణిలో రాయడానికి రెండుసార్లు ప్రయత్నించి మానుకున్నాను.

నువ్వు కొరియా నుంచి నాకు ఉత్తరాలు రాసేవాడివి. అవైనా నా దగ్గర ఉంటే బాగుండేది. కాని ఒక్కటీ లేదు. అందిన ప్రతి ఉత్తరాన్నీ ఎర్ర పెన్సిలుతో దిద్ది తిరిగి నీకే పంపించేవాణ్ణి. యుద్ధరంగంలో నువ్వు వాటిని ఏమి చేసి ఉంటావో ఊహించగలను, అందుకు నిన్ను తప్పుపట్టను.

మీ వదిన పండుగకు లెఫ్సా రొట్టెలు చేసి పంపింది. నేను ఏమీ పంపడం లేదు.

హాల్వర్

*

పైక్ నారోస్
9 జనవరి 1999

అన్నయ్యకి,

నమస్కారం. లెఫ్సా అయిపోయింది. మూడు రొట్టెలు నేను తిన్నాను, మిగతావి రోవెనా, రోవెనా మొగుడు తిన్నారు. అవును, ఆవిడకి మొగుడున్నాడు. ఆరడుగుల మూడంగుళాల మనిషి, దుంగల లారీ నడుపుతాడు. నీ పెళ్ళి ఉత్తరం చూపిస్తే ఇద్దరూ కుర్చీల మీంచి పడ్డంత పని చేశారు. వసంతకాలంలో మీరెలాగూ వస్తున్నారుగా, పెళ్ళి లేకపోయినా భోజనం పెడతారట. ఆవిడ నర్సు, అన్నయ్యా! పుండ్లు చూడ్డానికి బూట్లు విప్పింది. మేజోడు విప్పకుండా పుండు చూసే విద్య నువ్వెవరికైనా నేర్పావా?

ఇక విను. నా మంచం కింద చేపల గాలాల పెట్టె ఉంది. అందులో అడుగున ముప్ఫైఒక్క ఉత్తరాలున్నాయి. కొరియా నుంచి నీకు రాసినవి, నువ్వు ఎర్రగా దిద్ది వెనక్కి పంపినవి. ఒక్కటీ పోలేదు. అప్పటి కాగితమంటే సర్కారుదే అనుకున్నా గానీ, ఇవి పనికొస్తాయని నీ ఉత్తరం చదివేదాకా నాకు తట్టలేదు.

నీకెప్పుడూ చెప్పలేదు. నీ ఉత్తరం వస్తే గుడారంలో పండగలా ఉండేది. డొమినిక్ నీ ఎర్ర రాతలు నీ గొంతుతో చదివేవాడు, నీ గొంతు ఎప్పుడూ వినకపోయినా. "విరామచిహ్నము లేదు! ఊపిరి ఎక్కడ తీసుకుందువు?" అని వాడు అరుస్తుంటే పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళం. మిగతావాళ్ళకి ఇంటి నుంచి ఉత్తరం ఒకసారే వచ్చేది. నాకు నేను రాసింది కూడా తిరిగొచ్చేది. తప్పులు తగ్గితే నువ్వు తిరిగి పంపడం మానేస్తావేమోనని భయం వేసి, కావాలనే పెట్టేవాణ్ణి. డొమినిక్ కూడా కొన్ని అప్పిచ్చేవాడు.

పెట్టె పట్టుకెళ్ళి రోవెనా ముందు పెట్టాను. పంతొమ్మిదోది తీసి ఆవిడ లేచి నిలబడింది. 16 డిసెంబరు 1950. "పాదాలు కట్టెల్లా ఉన్నాయి. రెండేసి వేళ్ళు నల్లబడ్డాయి. డాక్టరు పదకొండు రోజులు వైద్యుల గుడారంలో పడుకోబెట్టాడు" అని నా రాత. కింద నీ మార్కు, నీ సంతకం, దాని మీద మీ బడి ముద్ర: "అందినది 8 జనవరి 1951." ప్రతి దాని మీదా ముద్ర కొట్టావు! "సొంత తమ్ముడి ఉత్తరానికి ఆఫీసు ముద్ర వేసే మనిషి ఈ దేశంలో ఇంకొకడుంటే చూపించు. ఆయనకి నా తరఫున దండం పెట్టు" అంది రోవెనా.

అంతలో ఆవిడ మొహం మారింది. ఆ వాక్యం పక్కనే నువ్వు ఎర్రగా రాశావు: "అతిశయోక్తి. తగ్గించుము."

"ఇది తీసుకెళ్తే మొదట చూసేది దీన్నే. సొంత అన్నే అప్పుడే అతిశయోక్తి అన్నాడు, మేమెందుకు నమ్మాలి అంటారు" అంది. చెరిపేద్దామా అన్నాను. నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఒక్క గీత చెరిపినా మిగతా ముప్ఫై ఉత్తరాలూ చెత్తబుట్టకే. ఆ మాట రాసినాయనే చెప్పాలి, ఎందుకు రాశాడో. ఆయన చూసిందే, ఆయన మాటల్లో. గ్రీకువాళ్ళు రాకూడదు."

నీకెంత కష్టమో నాకు తెలుసు. రాయకపోయినా నేనేం అనుకోను. ఎల్రాయ్ గది ఆగస్టు దాకా ఉందిగా.

వెర్లిన్

*

నార్డ్‌లాండ్
24 జనవరి 1999

ప్రియమైన తమ్ముడికి,

దీనితో పాటు ఒక కాగితం జతచేశాను. దాన్ని రోవెనాగారికి ఇవ్వు. దాని ప్రతి ఒకటి నీ కోసం కింద రాస్తున్నాను.

"నా పేరు హాల్వర్ స్కార్‌స్టాడ్. వెర్లిన్ నా తమ్ముడు. 1950 డిసెంబరు 16 నాటి అతని ఉత్తరం మీద 'అతిశయోక్తి' అని రాసింది నేనే. అప్పుడు నాకు ఇరవై అయిదేళ్ళు. చూపు సరిగా లేదని సైన్యం నన్ను తీసుకోలేదు. నేను వెచ్చని గదిలో కూర్చుని ఉన్నాను. ఆ వాక్యం నిజమైతే నేను భరించలేను. అందుకని దిద్దాను. నాకు వేరే ఏమీ చేతకాదు.

"1951 నవంబరులో వాడు ఇంటికి వచ్చాడు. అమ్మ వంటింట్లో పొయ్యి తలుపు తీసి, పాదాలు దాని లోపలికి పెట్టుకుని కూర్చున్నాడు. మాకు ఏదో జోకు చెబుతున్నాడు. ఉన్ని కాలిన వాసన వచ్చింది. మేజోడు అంటుకుని పొగ వస్తోంది. మేమందరం చూశాము. వాడికి తెలియలేదు. జోకు చెబుతూనే ఉన్నాడు. అమ్మ నీళ్ళు పోసింది. ఆ రోజే నాకు వాడు రాసింది నిజమని తెలిసింది. వాడితో ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను."

ఇంతే. ఇంకా రాయవచ్చు. రాయను.

డొమినిక్ పావ్‌లిక్ భార్య చిరునామా పంపు. ఆమెకు ఆ చీటీలోని మాటలు నాకు గుర్తున్నంతవరకు, ఉన్నవి ఉన్నట్టుగా, రాసి పంపాలి.

నీ అన్న

మరిదీ, మీ అన్న చిత్తుకాగితాలు ఏడు చించాడు. చించినవి పొయ్యిలో వెయ్యలేదు, నన్ను దాచమన్నాడు. మూడు ఆదివారాలుగా చర్చి కరపత్రం ముట్టుకోలేదు. పాస్టరుగారు కంగారుపడి, ఒంట్లో బాగుందా అని చూసిపోవడానికి ఇంటికే వచ్చారు. – మీ వదిన సోల్వెగ్

*

చెరువు వాటాలు, నంబరు 4
పైక్ నారోస్, మిన్నెసోటా
22 ఆగస్టు 1999

అన్నయ్యకి నమస్కారం.

పైన అడ్రసు చూశావా? మెట్ల సంఖ్య అడుగుతావేమో, సున్నా. గుమ్మానికి గడప కూడా లేదు. నాన్న ఉంటే బంగాళాదుంపల బస్తాని ఎక్కడ ఆపాలో తెలియక తికమకపడేవాడు.

జులై ఆఖర్లో కవరొచ్చింది. భయం వేసి నేను విప్పలేదు, నేలమాళిగకి పట్టుకెళ్ళాను. రోవెనా విప్పి, చదివి, మళ్ళీ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఏమ్మా, మళ్ళీ గ్రీకువాళ్ళా?" అన్నాను. కాదంది. రెండు పాదాలకీ ఒప్పుకున్నారు. కారణాల కింద మూడు చోట్ల "సోదరుని వాంగ్మూలము" అని రాశారు. మొదటిరోజు నా సంతకం తీసుకుంది చూడు, అక్టోబరులో, ఆ తేదీ నుంచే లెక్క కట్టారు.

ఎల్రాయ్ నేను వెళ్ళేటప్పుడు ఒక డబ్బా జలగలు బహుమానంగా ఇచ్చాడు. "ఎంత కక్ష ఉన్నా ఎర మంచిదే ఇస్తాను" అన్నాడు. వాటితోనే నిన్న రెండు పెద్ద చేపలు పట్టాను. రోవెనా పక్క ఊరి నుంచి ఇద్దరు పాత సిపాయిల్ని నా దగ్గరికి పంపింది, భయపడుతున్నారట, ఉచితమంటే. కాఫీ పోసి, నా కథ చెప్పి, కోర్టు దాకా దింపి వచ్చాను. ఇప్పుడది నా గురువారం పని. నేనూ ఊరికే.

డొమినిక్ భార్య ఉత్తరం రాసింది. నువ్వు పంపిన కాగితాన్ని అద్దం కట్టించి వంటింట్లో పెట్టుకుందట. "ఇది మా ఆయన మాటే, పక్కా" అందట అందరితో.

నీ వాంగ్మూలం నకలు ఒకటి ఇందులో పెట్టాను. రోవెనాని అడిగి ఎర్ర పెన్సిలు తెచ్చుకుని, మూడుసార్లు చదివి, దిద్దాను. ఒకటే చోట గీశాను, మేజోడు దగ్గర. అంచున చూడు: "అతిశయోక్తి లేదు. మార్కు: ఎ." ముద్ర లేదు కనక ఎల్రాయ్ దుకాణం ముద్ర కొట్టాను. తేదీ వేశాను. ఎరలు తాజా అని కూడా పడింది, అది పట్టించుకోకు.

ఈ ఉత్తరంలో కావాలనే నాలుగు తప్పులు పెట్టాను. ఎర్ర పెన్సిలు అరిగిపోయిందని సాకులు చెప్పకుండా తొందరగా తిరిగి పంపు.

నీ తమ్ముడు
వెర్లిన్